మూత వేసినా నిద్రపోని లాప్‌టాప్

కాకినాడ టౌన్ స్టేషన్ బయట నాన్న నా చేతిలోంచి బ్యాగ్ అందుకుని స్కూటర్ ముందు పెట్టబోయి ఆగిపోయారు. అడుగున చెయ్యి వేసి చూసి, "ఏంట్రా ఇది, లోపల ఇస్త్రీపెట్టె గానీ పెట్టావా?" అన్నారు. నవ్వేశాను గానీ, ఇంటికెళ్ళి జిప్ తీస్తే నిజంగానే లాప్‌టాప్ అడుగు కాలిపోతోంది. పవర్ బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ముందురోజు రాత్రి సికింద్రాబాద్‌లో గౌతమి ఎక్కాను. పై బెర్త్ మీద కాసేపు పని చేసుకుని, 82 శాతం ఛార్జింగ్ ఉండగా మూత వేసి బ్యాగ్‌లో పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి సున్నా.

ఇలా జరగడం మొదటిసారి కాదు. పొద్దున్నే తెరిస్తే ఛార్జింగ్ సగానికి పడిపోయి ఉండడం రోజూ చూస్తున్నదే. గదిలో అయితే పక్కనే ప్లగ్ ఉంటుంది కాబట్టి పట్టించుకోలేదు. బ్యాగ్ కాలేసరికి భయం వేసింది. గాలి ఆడని చోట, బట్టల మధ్య, లిథియం బ్యాటరీ రాత్రంతా ఉడుకుతూ ఉండడం మంచిది కాదని చెప్పడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు.

లాప్‌టాప్ కంపెనీ పేరు చెప్పను, ఈ కథకి అది అవసరం కూడా లేదు. 11వ తరం ఇంటెల్ కోర్ ఐ5, 16 జీబీ ర్యామ్, డిస్కుగా ఒక ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ. అందులో సగం డెబియన్ 12 అనే లినక్స్, సగం విండోస్. నేను చిన్న వ్యాపారాల లెక్కలు చూస్తుంటాను. ఒకటి రెండు సాఫ్ట్‌వేర్ల కోసం విండోస్ తప్పదు, మిగిలిన పనంతా లినక్స్ మీదే. నేను ప్రోగ్రామర్‌ని కాను. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ అంటే భయం లేదు, అంతే.

మొదటి వారం చేసిన పనులు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఒళ్ళు వెచ్చబడిందని ఒకేరోజు అల్లోపతి, హోమియో, ఆయుర్వేదం మూడూ మింగినవాడిలా చేశాను. లినక్స్‌లో బ్యాటరీ అనగానే ఎవరైనా చెప్పే మొదటి పేరు టీఎల్‌పీ, కరెంటు పొదుపు సెట్టింగులు పెట్టే ప్రోగ్రామ్. గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో పైన మూలన కనిపించే పెర్ఫార్మెన్స్, బ్యాలెన్స్‌డ్, పవర్ సేవర్ అనే మూడు మోడ్‌ల వెనక ఉండేది పవర్ ప్రొఫైల్స్ డీమన్ అనే ఇంకో ప్రోగ్రామ్. ఈ రెండూ ఒకే సెట్టింగులను పట్టుకుని లాగుతాయి కాబట్టి కలిసి ఉండకూడదు. అంతవరకు తెలుసు. ఆ డీమన్‌ని తీసేసి టీఎల్‌పీ వేశాను. సర్వీస్ నడుస్తోందా అని చూస్తే యాక్టివ్ అని, పక్కనే ఎగ్జిటెడ్ అని వచ్చింది. బతికుందనీ అంటోంది, వెళ్ళిపోయిందనీ అంటోంది, ఇదేం పేచీ అనుకున్నాను. అది పాడైందని తీర్మానించి దాని మీద ఆటో సీపీయూఫ్రీక్ అనే ఇంకో దాన్ని దించి వేశాను.

అసలు సంగతి చాలా రోజులకి తెలిసింది. టీఎల్‌పీ నిరంతరం నడిచే ప్రోగ్రామ్ కాదు. సిస్టమ్ లేచినప్పుడు, ఛార్జర్ పెట్టినప్పుడు, తీసినప్పుడు, నిద్ర నుంచి లేచినప్పుడు వచ్చి, సెట్టింగులు సరిచేసి వెళ్ళిపోతుంది. నీళ్ళు వదిలి వెళ్ళిపోయే పంపు ఆపరేటర్ లాంటిది. ఎగ్జిటెడ్ అంటే పని ముగించుకుని వెళ్ళిందని అర్థం. ఆటో సీపీయూఫ్రీక్ అలా కాదు, ఎప్పుడూ నడుస్తూనే ఉండి ప్రాసెసర్ వేగం ఎలా ఉండాలో తనే నిర్ణయిస్తుంటుంది. టీఎల్‌పీ ఒకటి రాసి వెళ్తే ఇది చెరిపి ఇంకొకటి రాస్తోంది. ఒకే పలక మీద ఇద్దరు మాస్టార్లు.

అదీ చాలక పవర్‌టాప్. ఇంటెల్ వాళ్ళు 2007లో విడుదల చేసిన ఈ ప్రోగ్రామ్ నిజానికి కొలిచే పనిముట్టు. ఏ ప్రాసెస్ ప్రాసెసర్‌ని సెకనుకి ఎన్నిసార్లు లేపుతోందో, బ్యాటరీ ఎన్ని వాట్లు ఇస్తోందో చూపిస్తుంది. అందులో ఆటో ట్యూన్ అని ఒక సదుపాయం ఉంది, పొదుపు చేయగలిగినవన్నీ ఒక్క దెబ్బతో ఆన్ చేసేస్తుంది. నేను దాన్ని బూట్ అయినప్పుడల్లా నడిచేలా సర్వీస్‌గా పెట్టాను.

మర్నాడు పొద్దున్నుంచి మౌస్ తిక్క మొదలైంది. ఎక్సెల్ షీట్ లాంటిది తెరిచి ఒక అంకె వెతుక్కుంటున్నాను. రెండు సెకన్లు చెయ్యి ఆపితే మౌస్ అడుగున ఎర్ర లైటు ఆరిపోతోంది. కదిపితే కదలదు. క్లిక్ చేస్తే లేస్తుంది, ఆ క్లిక్ ఎక్కడో పడుతుంది. ఒకసారి తప్పు వరుస చెరిగిపోయింది కూడా. వైరు మౌస్ పోయిందనుకుని వైర్‌లెస్ మౌస్ కొన్నాను. ఆరు వందలు. తర్వాత తెలిసిందేమిటంటే, యూఎస్‌బీ పరికరం కాసేపు ఊరకే ఉంటే దాన్ని నిద్రపుచ్చే ఏర్పాటు ఒకటి ఉంది. టీఎల్‌పీ కూడా అది వాడుతుంది గానీ కీబోర్డులను, మౌస్‌లను దాని జోలికి పోనివ్వదు. పవర్‌టాప్ ఆటో ట్యూన్‌కి ఆ మొహమాటం లేదు, అందరినీ పడుకోబెట్టేస్తుంది. ఆ ఆరు వందల మౌస్ కథ మళ్ళీ వస్తుంది.

ఇన్ని వేసినా పొద్దున్నే తెరిస్తే ఛార్జింగ్ సగమే. అప్పుడు స్లీప్ వైపు చూపు మళ్ళింది. లినక్స్‌కి గుండెకాయ లాంటి కర్నెల్‌కి బూట్ సమయంలో ఇచ్చే మాటల్లో "మెమ్_స్లీప్_డిఫాల్ట్ ఈక్వల్స్ డీప్" అని ఒకటి పెడితే గాఢనిద్ర వస్తుందని ఎక్కడ చూసినా ఉంది. సిస్టమ్‌ని బూట్ చేసే గ్రబ్ ఫైల్ తెరిచి పెట్టాను, అప్‌డేట్ చేశాను, రీస్టార్ట్ చేశాను. తేడా లేదు. ఇంకోసారి పెట్టాను, స్పెల్లింగ్ తప్పేమో అని. తేడా లేదు. హైబర్నేట్ చేద్దామంటే, అంటే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసి పూర్తిగా ఆపేద్దామంటే, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాటు ఆన్‌లో ఉంది కాబట్టి కర్నెల్ ఒప్పుకోలేదు. మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్‌కి, అంటే ఫర్మ్‌వేర్‌కి, అప్‌డేట్ ఉందేమోనని చూస్తే నా మోడల్‌కి ఏమీ లేదు.

రెండు వారాల తర్వాత మళ్ళీ కాకినాడ వెళ్ళాను. ఈసారి మూత వేశాక బ్యాగ్‌లో పెట్టకుండా తల పక్కన పెట్టుకుని పడుకున్నాను. పొద్దున్నకి చచ్చిపోలేదు గానీ 9 శాతం మిగిలింది. భోజనాల దగ్గర దీని గురించే గొణుగుతుంటే నాన్న అడిగారు.

"ఇంతకీ ఎంత తింటోంది అది?"

"చాలా తింటోంది నాన్నా."

"చాలా అంటే ఎంతరా? మూత వేసినప్పుడు ఎంత తినాలి, ఎంత తింటోంది?"

నా దగ్గర జవాబు లేదు. మూడు వారాలుగా కుస్తీ పడుతున్నాను, ఒక్క అంకె లేదు. లెక్కలు చూసి బతికేవాణ్ణి. నాన్న కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. బిల్లు ఎక్కువ వస్తోందని ఎవరైనా వస్తే ఆయన చేసే పని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పాత మీటర్లలో ఒక అల్యూమినియం బిళ్ళ తిరుగుతుండేది, దాని అంచున ఒక గుర్తు ఉండేది. ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ అన్నీ ఆపించి, మెయిన్ మాత్రం ఆన్‌లో ఉంచి, ఆ గుర్తు కదులుతోందా లేదా అని మీటర్ ముందు నిలబడేవారు. అన్నీ ఆపినా బిళ్ళ తిరుగుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ, ఏది పీకితే బిళ్ళ ఆగుతుందో చూసేవారు. "నువ్వు మీటర్ చూడకుండా ఫ్యాన్లు మారుస్తున్నావు" అన్నారు మజ్జిగ పోసుకుంటూ.

హైదరాబాద్ వచ్చాక మొదట చేసిన పని వేసినవన్నీ పీకేయడం. టీఎల్‌పీ, ఆటో సీపీయూఫ్రీక్, పవర్‌టాప్ సర్వీస్, గ్రబ్‌లో పెట్టిన మాట, అన్నీ. పవర్ ప్రొఫైల్స్ డీమన్‌ని వెనక్కి తెచ్చి బ్యాలెన్స్‌డ్‌లో పెట్టాను. మౌస్ లైటు మళ్ళీ నిలకడగా వెలిగింది.

తర్వాత మీటర్. లినక్స్‌లో బ్యాటరీ లెక్కలన్నీ సిస్ డైరెక్టరీ కింద పవర్_సప్లయ్ అనే చోట మామూలు ఫైళ్ళలా ఉంటాయి. ఎనర్జీ_నౌ అనే ఫైల్ తెరిస్తే ఆ క్షణాన బ్యాటరీలో ఎంత మిగిలి ఉందో మైక్రోవాట్-అవర్లలో చెబుతుంది. కొన్ని లాప్‌టాప్‌లలో దాని బదులు ఛార్జ్_నౌ ఉంటుంది, అప్పుడు వోల్టేజీతో గుణించుకోవాలి. నాది మొదటి రకం. ముందు బ్యాటరీ ఆరోగ్యం చూశాను. కొత్తప్పుడు 50 వాట్-అవర్లు, ఇప్పుడు నిండితే 41.6. అంటే 83 శాతం. మూడేళ్ళ బ్యాటరీకి బాగానే ఉన్నట్టే. బ్యాటరీ ముసలిదైందన్న అనుమానం అక్కడితో కొట్టేశాను.

నిద్ర లెక్క కోసం నాలుగు లైన్ల స్క్రిప్ట్ రాసుకున్నాను. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో సిస్టమ్-స్లీప్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో పెట్టిన స్క్రిప్టును నిద్రకి ముందు ప్రీ అనే మాటతో, లేచాక పోస్ట్ అనే మాటతో సిస్టమే పిలుస్తుంది. నా స్క్రిప్ట్ చేసేదల్లా అప్పటి టైము, అప్పటి ఎనర్జీ_నౌ ఒక ఫైల్లో రాయడం. ఇంతకంటే తేలికైన మీటర్ లేదు. ఇది మొదటి రోజే పెట్టుకుని ఉండాల్సింది.

ఆ రాత్రి 10:40కి మూత వేసినప్పుడు 34.2 వాట్-అవర్లు. పొద్దున 6:10కి తీసినప్పుడు 7.95. ఏడున్నర గంటల్లో 26.25. అంటే సగటున 3.5 వాట్లు. స్క్రీన్ ఆరిపోయి, ఫ్యాన్ ఆగిపోయి, ఏ పనీ చేయని యంత్రం 3.5 వాట్లు తింటోంది. నాన్నకి ఫోన్ చేసి అంకె చెప్పాను. "అయితే అది పడుకోవట్లేదురా, కళ్ళు మూసుకుని పడుకుందంతే" అన్నారు. ఆయన లినక్స్ మొహం చూడలేదు. రోగం పేరు సరిగ్గా అదే.

ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. పాత లాప్‌టాప్‌లలో నిద్ర అంటే ఎస్3. ర్యామ్‌కి తప్ప మిగిలిన అన్నిటికీ ఫర్మ్‌వేరే కరెంటు తీసేసేది. ఇంట్లో మెయిన్ దించేసినట్టు. మైక్రోసాఫ్ట్ 2012లో విండోస్ 8తో కనెక్టెడ్ స్టాండ్‌బై అని, తర్వాత విండోస్ 10తో మోడర్న్ స్టాండ్‌బై అని కొత్త రకం నిద్ర తెచ్చింది, ఫోన్‌లా మూత తీయగానే లేవాలని. దానికి తగ్గట్టు ఎన్నో కొత్త లాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్లలో ఎస్3నే ఎత్తేశారు. నా దాంట్లో మెమ్_స్లీప్ ఫైల్ తెరిస్తే ఎస్2ఐడిల్ అన్న ఒక్క మాటే ఉంది. బూట్ సందేశాల్లో చూస్తే ఎస్0, ఎస్4, ఎస్5 సపోర్ట్ ఉందని ఒక లైను, మధ్యలో ఎస్3 లేదు. లేని దాన్ని ఇమ్మని నేను గ్రబ్‌లో రెండుసార్లు అర్జీ పెట్టుకున్నానన్నమాట. చూడడానికి పట్టిన టైము పది సెకన్లు.

ఎస్2ఐడిల్‌లో మెయిన్ దించేవాళ్ళు ఉండరు. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కో గదికీ వెళ్ళి ఒక్కో స్విచ్ ఆపుకుంటూ రావాలి. ప్రోగ్రామ్‌లను గడ్డకట్టించాలి, వైఫైని, ఎస్‌ఎస్‌డీని, యూఎస్‌బీని తగ్గు స్థితిలోకి పంపాలి. అందరూ పడుకుంటేనే ప్రాసెసర్ చిప్ మొత్తంగా సీ10 అనే అట్టడుగు స్థితికి వెళ్తుంది, అప్పుడే ఖర్చు అర వాటు లోపుకి వస్తుంది. ఇంటిల్లిపాదీ పడుకున్నా ఒక్కడు హాల్లో టీవీ పెట్టుకుని కూర్చుంటే ఇంకెవరికి నిద్ర? నా లాప్‌టాప్‌లో ఆ టీవీ చూసేవాడు ఎవడో పట్టుకోవాలి.

ఇంటెల్ చిప్‌లకి దీనికీ ఒక మీటర్ ఉంది. పీఎంసీ_కోర్ అనే ఫోల్డర్లో ఎస్‌ఎల్‌పీ_ఎస్0_రెసిడెన్సీ అనే పేరుతో ఒక ఫైల్. చిప్ నిజమైన నిద్రలో ఎన్ని మైక్రోసెకన్లు గడిపిందో అందులో పడుతుంది. అడ్మిన్ హక్కులున్న రూట్‌గానే చదవాలి. చదివాను, సున్నా. ఆర్‌టీసీ వేక్ అనే కమాండ్‌తో రెండు నిమిషాలు పడుకోబెట్టి లేపి మళ్ళీ చదివాను. సున్నా. ఆ డ్రైవర్‌కే హెచ్చరికలు చూపించే ఆప్షన్ ఒకటి ఉంటే ఆన్ చేసి మళ్ళీ పడుకోబెట్టాను. లేవగానే కర్నెల్ లాగ్‌లో ఒక లైను. సీపీయూ పీసీ10లోకి, అంటే ఆ అట్టడుగు సీ10లోకి, వెళ్ళలేదు అని, చివర మూడు ఆశ్చర్యార్థకాలతో. కర్నెల్ రాసినవాళ్ళకీ విసుగొచ్చి ఉంటుంది. నాకు మాత్రం ఆ లైను చూస్తే పట్టరాని సంతోషం వేసింది. మూడు వారాల్లో యంత్రం నాతో నిజం చెప్పిన మొదటిసారి అది.

పవర్‌టాప్‌ని ఈసారి దాని అసలు పనికి వాడాను. ఐడిల్ స్టాట్స్ పేజీలో కోర్‌లు విడివిడిగా బాగానే కిందికి దిగుతున్నాయి. చిప్ మొత్తాన్ని చూపే ప్యాకేజీ వరుసలో మాత్రం సీ3 దాటి కిందికి ఒక్క శాతం కూడా లేదు. మనుషులు పడుకుంటున్నారు, ఇల్లు పడుకోవట్లేదు. ఇది నిద్రలోనే కాదు, మెలకువగా ఉన్నప్పుడు కూడా అంతే. పగలు బ్యాటరీ నాలుగున్నర గంటలకి మించి రాకపోవడానికీ ఇదే కారణమని అప్పుడు వెలిగింది.

ఇక ఫ్యూజులు పీకడం. వైఫై డ్రైవర్ తీసేసి రెండు నిమిషాల పరీక్ష చేశాను. సున్నా. బ్లూటూత్ ఆపాను, వెబ్‌క్యామ్‌ని ఫర్మ్‌వేర్ సెట్టింగులుండే బయోస్‌లోనే ఆపాను, యూఎస్‌బీలో ఉన్నవన్నీ పీకాను, మెమరీ కార్డు రీడర్ డ్రైవర్ తీశాను. ప్రతిసారీ రెండు నిమిషాలు, ప్రతిసారీ సున్నా. ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం దీనికే పోయింది. నోట్‌బుక్‌లో ఎడమ పక్కన పీకింది, కుడి పక్కన సున్నా, ఇలా పదకొండు వరుసలు. పీకలేనిది ఒక్కటే మిగిలింది, ఎస్‌ఎస్‌డీ. దాని మీదే కదా సిస్టమ్ నడుస్తోంది.

ఎల్‌ఎస్‌పీసీఐ అనే కమాండ్‌తో లోపలి పరికరాల జాబితా తీశాను. మామూలుగా ప్రతి పరికరానికీ ముందు నాలుగు సున్నాలతో మొదలయ్యే అడ్రస్ ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ అడ్రస్ మాత్రం 10000 తో మొదలైంది. అందరూ ఒక వీధిలో ఉంటే ఇది ఊరి బయట కొత్త లేఅవుట్‌లో ఉన్నట్టు. పైకి వెళ్ళి చూస్తే వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్ అని ఒక రెయిడ్ కంట్రోలర్. పొట్టిగా వీఎమ్‌డీ. రెండు మూడు డిస్కులను కలిపి ఒకటిగా వాడుకునేవాళ్ళకి పనికొచ్చేది. నాకున్నది ఒక్క డిస్కు. అయినా ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే బయోస్‌లో అది ఆన్‌లో ఉంది. ఎస్‌ఎస్‌డీ వివరాలు పూర్తిగా తెరిస్తే లింక్ కంట్రోల్ దగ్గర ఏఎస్‌పీఎమ్ డిజేబుల్డ్ అని ఉంది. పని లేనప్పుడు ఎస్‌ఎస్‌డీకి, ప్రాసెసర్‌కి మధ్య ఉన్న దారి మూసుకోవడమే ఏఎస్‌పీఎమ్. అది ఆగిపోయి ఉంటే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, దాంతో చిప్ పడుకోలేదు. వీఎమ్‌డీ వెనకాల ఉన్న డిస్కులకి ఈ సెట్టింగ్‌ని ఫర్మ్‌వేర్ పెట్టకుండా వదిలేస్తే, డెబియన్ 12తో వచ్చే 6.1 కర్నెల్ కూడా తనంతట తాను పెట్టదు. తర్వాతి కర్నెల్‌లలో వీఎమ్‌డీ డ్రైవరే ఆ పని చేసేలా మార్చారు.

కొత్త కర్నెల్ వేసుకోవచ్చు, వీఎమ్‌డీని బయోస్‌లో ఆపేయవచ్చు. నాకు రెయిడ్‌తో పనేమీ లేదు కాబట్టి రెండోదే నయమనిపించింది. లినక్స్‌కి దీంతో ఇబ్బంది లేదు, డెబియన్ పార్టిషన్లను యూయూఐడీ నంబర్లతో గుర్తుపడుతుంది కాబట్టి డిస్కు ఏ వీధికి మారినా వెతుక్కుంటుంది. చిక్కంతా విండోస్‌తో. వీఎమ్‌డీ ఉన్నప్పుడు ఎక్కించిన విండోస్ అదే డ్రైవర్‌తో లేవడానికి అలవాటు పడి ఉంటుంది. హఠాత్తుగా ఆపేస్తే బూట్ డిస్కు అందట్లేదని నీలం స్క్రీన్ చూపించి ఆగిపోతుంది. ఇక్కడ తొందరపడి చేతులు కాల్చుకునేవాళ్ళు చాలామంది.

దీనికి ఒక వరస ఉంది. ముందు విండోస్‌లోకి వెళ్ళి డిస్కు ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడాలి. మనం ఆన్ చేయకపోయినా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన లాప్‌టాప్‌లలో అది ఆన్ అయి ఉండొచ్చు. అలా ఉంటే బయోస్ మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. నాది ఆన్‌లోనే ఉంది. ఆ 48 అంకెలూ కాగితం మీద రాసుకుని ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను. తర్వాత ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి సేఫ్ బూట్ దగ్గర టిక్ పెట్టి రీస్టార్ట్. విండోస్‌లోకి పోనివ్వకుండా నేరుగా బయోస్‌లోకి వెళ్ళి వీఎమ్‌డీ ఆఫ్. కొన్ని లాప్‌టాప్‌ల బయోస్‌లో ఈ ఆప్షన్ పైకి కనిపించదు కూడా, ప్రత్యేకంగా ఏదో కీ నొక్కితేనే బయటపడుతుంది. నాకు అడ్వాన్స్‌డ్ పేజీలోనే దొరికింది. సేవ్ చేసి విండోస్ వైపు వదిలాను. రికవరీ కీ అడిగింది, ఇచ్చాను. సేఫ్ మోడ్‌లోకి లేచింది. అక్కడ పిన్ తీసుకోలేదు, అసలు పాస్‌వర్డ్ కావాలంది. రెండేళ్ళుగా పిన్ తప్ప వాడని నాకు ఆ పాస్‌వర్డ్ గుర్తు రావడానికి పావుగంట పట్టింది. ఈ మొత్తంలో ఎక్కువ టెన్షన్ పడింది ఆ పావుగంటే. లోపలికి వెళ్ళాక సేఫ్ బూట్ టిక్ తీసి మళ్ళీ రీస్టార్ట్. విండోస్ మామూలు డ్రైవర్ ఎక్కించుకుని మామూలుగా లేచింది.

డెబియన్‌లోకి వచ్చి జాబితా చూశాను. ఎస్‌ఎస్‌డీ అడ్రస్ ముందు నాలుగు సున్నాలు. కంట్రోలర్ జాబితాలోంచి మాయం. లింక్ కంట్రోల్ దగ్గర ఏఎస్‌పీఎమ్ ఎల్1 ఎనేబుల్డ్. రెండు నిమిషాలు పడుకోబెట్టి లేపి రెసిడెన్సీ ఫైల్ తెరిస్తే తొమ్మిదంకెల సంఖ్య, 11తో మొదలైంది. రెండు నిమిషాల్లో దాదాపు రెండు నిమిషాలూ నిద్రే. నోట్‌బుక్‌లో పన్నెండో వరుసలో కుడి పక్కన ఆ అంకె రాసి చుట్టూ గుండ్రంగా గీశాను. ఆ రాత్రి ఏడున్నర గంటలకి ఖర్చు 2.6 వాట్-అవర్లు. అంటే సగటున 0.35 వాట్లు, అంతకుముందు దాంట్లో పదో వంతు. పగటి ఖర్చు కూడా మామూలు పనిలో 9 వాట్ల నుంచి 6.5కి దిగింది. అంటే నాలుగున్నర గంటలు వచ్చే బ్యాటరీ ఆరు గంటలు దాటింది. ఒక్క కొత్త ప్యాకేజీ కూడా వేయలేదు.

అయిపోయిందనుకున్నాను. తర్వాతి ప్రయాణంలో కాకినాడ స్టేషన్ బయట నాన్న బ్యాగ్ అడుగు తడిమి, "తగ్గింది గానీ, వెచ్చగానే ఉందిరా" అన్నారు. నిజమే, 35 శాతం పోయింది. గదిలో ఆరు శాతం పోయేది బండిలో ఎందుకు అంత పోతోంది?

లాగ్ తెరిస్తే నవ్వొచ్చింది. సస్పెండ్ ఎంట్రీ, సస్పెండ్ ఎగ్జిట్, మళ్ళీ ఎంట్రీ, మళ్ళీ ఎగ్జిట్, రాత్రంతా వరసగా. సికింద్రాబాద్‌లో బండి కదిలాక మొదలై కాకినాడ దాకా. బండి కదిలినప్పుడల్లా నా ఆరు వందల వైర్‌లెస్ మౌస్ బ్యాగ్‌లో కదిలింది, దాని రిసీవర్ లాప్‌టాప్‌కే గుచ్చి ఉంది. చాలా రిసీవర్లు తమని మౌస్‌గానే కాకుండా కీబోర్డుగా కూడా పరిచయం చేసుకుంటాయి. కీబోర్డుకి సిస్టమ్‌ని నిద్ర లేపే హక్కు కర్నెల్ ముందుగానే ఇస్తుంది. లేచాక మూత వేసే ఉందని గమనించి సిస్టమ్ కాసేపటికి మళ్ళీ పడుకుంటోంది, ఇంతలో ఏ పట్టాల మార్పు దగ్గరో ఇంకో కుదుపు. పసిపిల్లాడిని పక్కన పడుకోబెట్టుకుని ప్రయాణం చేసినట్టే ఉంది దాని పరిస్థితి.

ప్రతి యూఎస్‌బీ పరికరం ఫోల్డర్లోనూ పవర్ కింద వేకప్ అని ఒక ఫైల్ ఉంటుంది. రిసీవర్‌ది ఎనేబుల్డ్ అని ఉంది, డిసేబుల్డ్ అని రాశాను. రీస్టార్ట్ అయితే పోతుంది కాబట్టి, ఆ రిసీవర్ తయారీదారు నంబరు, మోడల్ నంబరు పట్టుకుని, ఆ పరికరం కనిపించినప్పుడల్లా ఈ సెట్టింగ్ పెట్టే ఒక యూడెవ్ రూల్ రాసి పెట్టాను. పెట్టేసి, మౌస్‌ని చేత్తో పట్టుకుని మూత వేసిన లాప్‌టాప్ పక్కన గిలక్కాయలా ఊపుతున్నాను, తర్వాత మూత తీసి లాగ్ చూద్దామని. మా ఆవిడ అటుగా వచ్చి చూసింది.

"ఏం చేస్తున్నారు?"

చెప్పాను. రూల్, రిసీవర్, కీబోర్డు హక్కు, అన్నీ.

ఆమె మౌస్ తీసుకుని తిరగేసి, అడుగున ఉన్న చిన్న బటన్‌ని పక్కకి జరిపింది. లైటు ఆరిపోయింది. "దీన్ని ఆపేసి బ్యాగ్‌లో పెట్టుకోవచ్చుగా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రూల్ తీసేయలేదు, బటన్ ఆపడమూ మరిచిపోవట్లేదు. మొన్న గౌతమిలో వెళ్ళినప్పుడు లాగ్‌లో రాత్రి ఒక ఎంట్రీ, పొద్దున ఒక ఎగ్జిట్, మధ్యలో ఏమీ లేదు. 82 శాతంతో మూసింది 74తో తెరుచుకుంది. స్టేషన్ బయట నాన్న అలవాటుగా బ్యాగ్ అడుగు తడిమి, ఏమీ అనకుండా స్కూటర్ ముందు పెట్టి స్టార్ట్ చేశారు.